సున్నం రాలిన స్టేషను

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొట్టమొదట మాయమైంది వాడేసిన టీపొడి. పోయిందేమిటమ్మా అని ఎవరైనా అడిగితే టీపిప్పి అని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది. తర్వాత అగ్గిపుల్లలు పోయాయి. తర్వాత అంట్లు తోమే ఇనుప పీచు, కల్లుప్పు డబ్బా, నేలమీద పరిచే గోనెపట్టాలో సగం. పోతే పోయాయని ఊరుకున్నాను. నా కుట్టుమిషను దగ్గరి చిన్న కత్తెర మాయమైన రోజున మాత్రం ఊరుకోలేదు. వీధివైపు గదిలో నేను బట్టలు కుడతాను, పొడుగైనవి కురచ చేస్తాను, బిగుతైనవి వదులు చేస్తాను. గుడ్డల కత్తెరతో కాగితం కోస్తేనే నాకు ఒళ్ళు మండిపోతుంది. దాంతో మా ఆయన ఏకంగా రేకు కోశారు.

"ఏమండీ, ఇది గుడ్డల కత్తెర. రేకులు కోస్తే దీని పదును ఏం కాను?"

"రేకు కాదే, ఉత్త వెండి కాగితం. తిండి పొట్లాలు కట్టేది."

"అయితే మీ పళ్ళతో కొరుక్కోండి."

"నావి కట్టుడు పళ్ళు కావుగా, పాడైపోతాయి," అని నవ్వారు.

ఆ మాట ఆయనకే చెల్లుతుంది. బతుకంతా కట్టుడు పళ్ళు చేసిన మనిషి. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని, ఎవరి నోటికి తగ్గ పన్ను వాళ్ళకి చెక్కి ఇచ్చేవారు. "తెల్లటి పన్ను ఎవరైనా చేస్తారే. పక్క పన్నుకున్న పసుపు, కాఫీ మరక, వెంట్రుక మందం పగులు, ఇవి దించినవాడే పనివాడు. మరక లేనిదేదీ నిజంలా కనిపించదు," అనేవారు. పని మానేశాక కూడా ఆ మాట మానలేదు. వింటూ వింటూ నాకూ అదే వేదమైపోయింది.

ఆయన దొంగతనాలన్నీ వాళ్ళమ్మ కోసం. అత్తయ్యకి మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. తిన్నది గుర్తుండదు, తిననిది గుర్తుంటుంది. మామగారు ఒక చిన్న స్టేషన్లో మాస్టరుగా పనిచేస్తూ, మా ఆయన నిక్కర్లేసుకునే వయసులోనే పోయారు. అత్తయ్య లెక్కలో మాత్రం ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. తను ఆ పట్టాల పక్క క్వార్టర్లోనే కాపురం చేస్తోంది. "ఆయన ఇంకా రాలేదే?" అని రోజూ అడిగేది. "డ్యూటీలో ఉన్నారత్తయ్యా, బండి లేటట," అనేదాన్ని. ఆ మాటతో తృప్తిపడి, ఆయన కోసం ఒక కంచంలో వడ్డించి, మీద మూత పెట్టి కూర్చునేది. ఇంటిల్లిపాదీ రోజూ ఆడే అబద్ధమే అయినా, ఎవరికీ చెడుపు చేయని అబద్ధం.

కూతుర్ని గుర్తుపట్టేది. తపాలా ఆఫీసులో పనిచేసే మా ఆడపడుచు ప్రతి సెలవురోజూ వచ్చేది. గుమ్మంలో అడుగు పెట్టగానే, "చిట్టీ, వచ్చావుటే!" అని అత్తయ్య మొహం విచ్చుకునేది. నేను ఆవిడకి పక్కింటి టైలరమ్మని. అదీ పర్వాలేదు, కోడలికన్నా టైలరమ్మకే మర్యాద ఎక్కువ. కానీ తను కని పెంచిన కొడుకుని మటుకు ఎవరో పెద్దమనిషి అనుకునేది. "మీరు కూర్చోండి. మాస్టరుగారు వచ్చే వేళైంది," అనేది. కన్నతల్లి నోట మీరు, రండి, కూర్చోండి అని రోజూ వినడం ఎలా ఉంటుందో, ఆయన మొహం చూస్తే నాకు తెలిసేది.

"ఒక్కసారి ఒరేయ్ అంటే చాలే నాకు. ఇంకేం అక్కర్లేదు," అన్నారొకసారి, మంచం దుప్పటి దులుపుతూ. నేను ఏదో వేళాకోళం ఆడబోయి, ఆయన కళ్ళు చూసి నోరు మూసుకున్నాను.

అదంతా మొదలైంది ఒక బల్లతో. ఊసుపోక అగ్గిపుల్లలు అతికించి, బొటనవేలంత బల్ల ఒకటి చేశారు. వెనక ఒరిగే చెక్క కాస్త వంపు తిరిగి ఉంటుంది, రైల్వే వాళ్ళ బల్లలాగా. తెచ్చి అత్తయ్య మందుల డబ్బా పక్కన పెట్టి మర్చిపోయారు. అత్తయ్య దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇది మన ప్లాట్‌ఫారం బల్ల," అంది. "చివరి చెక్క ఊడిపోతే ఆయనే మేకు కొట్టారు. ఆ మేకుకి తగిలి వీడి నిక్కరు చిరిగింది కూడాను." అని తలెత్తి మా ఆయన మొహంలోకి చూసింది. అలాంటి చూపు మేం చూసి ఎన్నాళ్ళైందో. పెదాలు కదిలాయి. ఆయన ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. అంతలో ఆ చూపు పట్టుజారిపోయింది. "బల్ల చక్కగా చేశారండీ," అంది అత్తయ్య.

ఆ సాయంత్రమే మా ఆయన భోజనాల బల్ల పక్కగదిలోకి ఈడ్చారు. "బల్లకే అంత గుర్తొచ్చిందే, మొత్తం స్టేషను కళ్ళముందు కనిపిస్తే?"

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు. మనం ఎక్కడ కూర్చుని తినాలి?"

"ఒళ్ళో పెట్టుకు తిందాం. ఈ ఒక్క వేసవికే."

ఆ లైను మూసేసి చాలా కాలమైంది. అయినా ఆయన బస్సెక్కి వెళ్ళి, ఆ స్టేషను వెతుక్కుని, గోడగోడకీ ఫొటోలు తీసుకొచ్చారు. ఎండకి మొహం కమిలిపోయి, చొక్కా నిండా దుమ్ముతో, పెళ్ళికొడుకులాగా వెలిగిపోతూ ఇంటికొచ్చారు. "గోడలున్నాయే! కప్పు కుంగింది గానీ ఉంది. నీళ్ళ టాంకు తుప్పు పట్టినా నిలబడే ఉంది. మా వంటింటి కిటికీ కూడా ఉందే!" ఫొటోలన్నీ వరసగా గోడకి అతికించారు. అన్నింట్లోనూ సున్నం పెచ్చులూడిన గోడలు, పగుళ్ళలో మొలిచిన గడ్డి. మా ఇద్దరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు దించడమే కదా ఆయన విద్య.

పట్టాలూ, ఒక బుల్లి ఇంజనూ బొమ్మల దుకాణంలో కొన్నారు. మిగతాదంతా మా ఇంటి చెత్తే. పళ్ళ అచ్చులు పోసే సుద్దతో గోడలు పోశారు. పళ్ళ సందులు గీకే కొక్కెంతో వాటి మీద ఇటుకలు గీశారు, ఒక్కొక్కటి నువ్వుగింజంత. వెండి కాగితాన్ని దువ్వెన పళ్ళ మీద రుద్దితే ముడతల రేకైంది. టీపిప్పి ఎండబెట్టి చల్లితే మట్టి నేలైంది. పైరు వేసే పని నాకు అప్పగించారు. గోనెపీచు కత్తిరించి, జిగురులో కుచ్చుకుచ్చుగా నిలబెట్టాలి. అరచేతి వెడల్పు పొలం నాటేసరికి నా నడుం విరిగింది.

"కూలికి పోయినా ఇంత నొప్పి ఉండదు. కనీసం గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తారు."

"కోతలయ్యాక పంటలో సగం నీదే."

"నా మొహం. గోనెపీచు నేనేం చేసుకోను?"

నిజం చెప్పొద్దూ, మా కాపురంలో అన్ని కబుర్లు చెప్పుకున్న వేసవి ఇంకొకటి లేదు. నేను పాత రాగి తీగలు మెలితిప్పి చెట్లు చేసేదాన్ని. స్పాంజి ముక్కలు తుంపి రంగులో ముంచి ఆకులు పెట్టేదాన్ని. ఆయన పక్కన కూర్చుని, గేటు ఎక్కడుండేదో, గేటు కాపలాదారు మేక దేనికి కట్టి ఉండేదో చెప్పేవారు. అన్నేళ్ళ కాపురంలో ఆ మేక సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

కట్టడం ఒక ఎత్తు, పాతబరచడం ఒక ఎత్తు. గోడకి ముందు ఎర్రమట్టి రంగు వేసి, తడి మీద ఉప్పు చల్లి, పైన తెల్లరంగు వేసేవారు. ఆరాక ఉప్పు రాల్చేస్తే అచ్చం సున్నం పెచ్చులూడినట్టే. ఇనుప పీచుని వెనిగర్లో నానబెడితే తుప్పునీళ్ళు వచ్చేవి, ఆ నీళ్ళు టాంకు పక్కల నుంచి కారబోసేవారు. సుద్దముక్కలు అరగదీసి, ఆ పొడిని మెత్తటి కుంచెతో రేకుల మీద అద్దేవారు. పొద్దున కొత్తగా మెరిసిన కప్పుకి సాయంత్రానికల్లా ముసలితనం వచ్చేసేది. వాన పడకుండానే వాన మరకలు. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

"మరీ ఇంత పాతగానా?" అన్నాను ఒకసారి.

"కొత్తగా ఉంటే బొమ్మలా ఉంటుందే. అమ్మ నమ్మాలి కదా."

ఆడపడుచు వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అన్నయ్యా, ఇంత పనితనం పెట్టుకుని నువ్వు ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు చెక్కుతూ కూర్చున్నావా?" అంది. ఆయన మురిసిపోయారు. అప్పుడే హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "చిట్టీ, లోపల పనిచేసే వడ్రంగి గారికి మంచినీళ్ళిచ్చారా? పొద్దుట్నుంచి వంచిన నడుం ఎత్తలేదు, పాపం."

ఆడపడుచు మొహం మాడిపోయింది. "నయమే," అన్నారాయన, కుంచె కడుగుతూ. "పోయిన వారం మీటరు రీడింగు తీసేవాణ్ణి. వడ్రంగికి ప్రమోషనిచ్చింది."

అందరం నవ్వాం. కాసేపటికి నేను పెరట్లోకి వెళ్ళేసరికి, ఆయన కొళాయి తిప్పేసి, కడగాల్సిన కుంచెలు పక్కన పెట్టి, చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నారు. కొళాయి కట్టేసి వచ్చాను. ఏమని ఓదార్చను?

ఎండలు బాగా ముదిరిన రోజుల్లో స్టేషను పూర్తయింది. సెలవురోజు చూసి ఆడపడుచుని కూడా పిలిచాం. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నారు. కిటికీ తెర దించేసి, టేబుల్ లైటుని ఒక పక్కగా, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడ్డట్టు పెట్టారు. అత్తయ్యని చేయి పట్టుకు తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ కళ్ళు సరిగ్గా ప్లాట్‌ఫారం ఎత్తుకి వచ్చాయి. మా ఆయన మీట నొక్కారు. బుల్లి ఇంజను గేటు దాటి, పొలం పక్కనుంచి వచ్చి, స్టేషన్లో ఆగింది.

కుర్చీ చేతుల మీద అత్తయ్య వేళ్ళు బిగిశాయి.

"గేటు," అంది మెల్లగా. "అదిగో టాంకు. ఇది మన వంటిల్లు చిట్టీ. ఈ కిటికీలోంచే నేను బండి చూసి పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని."

"అవునమ్మా, అదే," అంది ఆడపడుచు, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "ఎవరు కట్టారో తెలుసా ఇదంతా? ఇటు చూడు."

మా ఆయన ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ వయసులో ఆ మోకాళ్ళు అలా వంగుతాయని నేననుకోలేదు. అత్తయ్య ఆయనవైపు చూడలేదు. చేయి చాచి, చూపుడువేలితో స్టేషను గోడని తాకింది. వేలికి సుద్దపొడి అంటింది. దాన్ని బొటనవేలితో నలిపి చూసుకుంది.

"సున్నం రాలిపోయిందేం?"

"పాతబడింది కదమ్మా," అన్నారు మా ఆయన ఉత్సాహంగా. ఎవరైనా తన పనితనం గురించి అడిగితే వచ్చే ఉత్సాహమే అది. "ఎండకీ వానకీ అలాగే అవుతుంది. ఇదిగో చూడు, ఈ టాంకు తుప్పు..."

"ప్లాట్‌ఫారం అంచుకి చిన్న మరక పడితే ఆయన తనే చీపురు పట్టేవారు," అంది అత్తయ్య. "పైవాళ్ళు చూడ్డానికొచ్చినా రాకపోయినా సున్నం మాత్రం ఆగేది కాదు. జీతం ఆగినా సున్నం ఆగదు మీ స్టేషన్లో అని నేను దెప్పేదాన్ని." కళ్ళు కప్పు మీదికీ, టాంకు మీదికీ, వంటింటి కిటికీ కింద పగుల్లో నేను నాటిన గడ్డిమీదికీ వెళ్ళాయి. ఒక్కొక్క చోటా ఆగాయి.

"ఎంత కాలమైంది?" అంది.

"ఏమిటమ్మా?"

"ఆయన పోయి."

డ్యూటీలో ఉన్నారని చెప్పడం మాకు చేతకానిదా? రోజూ చెబుతున్నదే. ముగ్గురం ఉన్నాం, ఒక్కరికీ నోరు పెగల్లేదు. అత్తయ్య మా మొహాలు ఒకటొకటిగా చూసింది. "మీరంతా డ్యూటీ డ్యూటీ అంటూనే ఉన్నారు," అంది. తర్వాత ఏడ్చింది. ముసలివాళ్ళ ఏడుపు కాదు అది. చిన్న వయసులో, పిల్లలు బడిలో ఉండగా, గుమ్మంలో కబురు విన్న మనిషి ఏడుపు. కూతురు పట్టుకోబోతే విడిపించుకుని గోడకి తల ఆనించింది. మా ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోయారు. ఇంజను స్టేషన్లో గుయ్యిమంటూనే ఉంటే నేనే వెళ్ళి మీట కట్టేశాను.

తెల్లారితే మర్చిపోతుందిలే అనుకున్నాం. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి ఇదెలా గుర్తుపెట్టుకుంటుంది? కానీ గుర్తుంది. అన్నీ మర్చిపోయే ఆ జబ్బు అక్కరకొచ్చే చోట మాత్రం రాలేదు. మర్నాడు అత్తయ్య రెండో కంచం అడగలేదు. నేనే పెట్టి మూత ఇచ్చాను. ఆవిడ మూత వంక చూసి, "ఎవరికి టైలరమ్మా?" అంది. ఆ రోజు నుంచి ఆయన ఇంకా రాలేదే అని అడగనూ లేదు. ఆ ప్రశ్నకి ఎన్నిసార్లు విసుక్కున్నానో నేను. ఒక్కసారి అడిగితే బాగుండునని ఇప్పుడు ఆవిడ చుట్టూ తిరిగాను.

"నాన్నని నేనే చంపానే," అన్నారు మా ఆయన.

"నోటికొచ్చినట్టు మాట్లాడకండి. ఆయన ఎప్పుడో పోయారు."

"అమ్మకి పోలేదు కదా. నేను పోగొట్టాను. మరక ఉంటేనే నిజం, మరక ఉంటేనే నిజం అని మొత్తుకున్నాను. నిజమే అయి కూర్చుంది. నా తెలివి తగలడా." అన్నం ముందు కూర్చుని, చేయి కడిగేసుకున్నారు. ఏం పెట్టినా అంతే. నాకు ఆయన మీద కోపం, ఆయన విద్య మీద కోపం, ఆ దిక్కుమాలిన తుప్పు మీద కోపం. అన్నిటికన్నా ఎక్కువ జాలి.

కొన్నాళ్ళు పక్కగది తలుపు తీయలేదు. ఒక ఉదయం లేచేసరికి తీసి ఉంది. ఆయన పాత పళ్ళబ్రష్షుతో స్టేషను గోడలు కడుగుతున్నారు.

"సున్నం వేసేస్తా," అన్నారు. "మాస్టరుగారుండగా ఎలా ఉండేదో అలా చేసేస్తా. అప్పుడు ఆయన ఉన్నారనే అనుకుంటుంది కదా? అనుకోదంటావా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నా నోటి చివరిదాకా వచ్చింది. మింగేసి, కొంగు బిగించి నేనూ ఒక బ్రష్షు తీసుకున్నాను.

పాతబరచడానికి పట్టిన శ్రమ కొత్తది చేయడానికి పట్టలేదు. గోడలకి తెల్లరంగు. కప్పుకి కొత్త వెండి కాగితం. టాంకుకి ఆకుపచ్చ. నేను పగుళ్ళలో నాటిన గడ్డి నేనే పీకాను. క్వార్టరు ముందు దారపు ముడులతో పూలకుండీలు పెట్టాను. అంతా అయ్యాక ఆయన దూరంగా నిలబడి చూసి, "పళ్ళ సెట్టులా ఉంది," అన్నారు. తన చేత్తో అంత అసహ్యమైన పని ఎప్పుడూ చేయలేదన్నట్టు చూశారు. కానీ చేశారు. సుద్దతో గోరంత మనిషిని చెక్కి, తెల్లకోటు వేసి, నా గుడ్డపేలికతో పచ్చజెండా పట్టించి, ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు. అది మామగారు. ఇంకా చిన్నవాణ్ణి ఒకణ్ణి చెక్కి, భుజానికి సంచీ తగిలించి, క్వార్టరు కంచె దగ్గర అతికించారు.

"వీడెవడు?"

"నేనే. బడికి వేళ మించిపోతున్నా బండి వెళ్ళేదాకా కదిలేవాణ్ణి కాదు."

ఈసారి ఎవరినీ పిలవలేదు. దీపాలూ తెరలూ పెట్టలేదు. కిటికీలన్నీ తెరిచేసి, పొద్దుటి వెలుగులో అత్తయ్యని తీసుకొచ్చాం. ఆవిడ కుర్చీలో కూర్చుని, కొంచెంసేపు చూసి, "బాగు చేయించారే," అంది.

"అవునమ్మా!" అన్నారు మా ఆయన. "చూడు, సున్నం వేశారు. మాస్టరుగారు ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. డ్యూటీలో ఉన్నారు."

అత్తయ్య ముందుకి వంగి, ఆ తెల్లకోటు మనిషిని పరీక్షగా చూసింది. చూసి వెనక్కి ఆనుకుంది.

"వచ్చేశారన్నమాట కొత్తాయన."

"కొత్తాయన కాదమ్మా. మన..."

"మాస్టరు మారినప్పుడే కదండీ క్వార్టరుకి కొత్త రంగులు వేసేది," అంది అత్తయ్య, తెలియనివాళ్ళకి ఓపిగ్గా చెబుతున్నట్టు. "మేమొచ్చినప్పుడూ అంతే. తడి ఆరకముందే సామాను దించుకున్నాం. ఇంత తొందరగా వేయిస్తారనుకోలేదు. వాళ్ళని మాత్రం ఏమంటాం, వాళ్ళకీ పిల్లలుంటారు." కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "ఖాళీ చేసేస్తాను."

తన గదిలోకి వెళ్ళి, మంచం మీద దుప్పటి పరిచి, బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టి అందులో పెట్టడం మొదలెట్టింది. నేను చేతులు పట్టుకున్నాను. "అత్తయ్యా, ఎక్కడికండీ? ఇది మీ ఇల్లే. ఎవరూ మిమ్మల్ని పొమ్మనలేదు."

"మీకు తెలియదు టైలరమ్మా. ఇంకొకళ్ళ క్వార్టర్లో ఒక్క పూట ఉన్నా మాటే. ఆ కొత్తావిడ గుమ్మంలో సామానుతో నిలబడితే నేను ఏ మొహం పెట్టుకుని లోపల కూర్చుంటాను?" అంత స్పష్టంగా, అంత నిబ్బరంగా ఆవిడ మాట్లాడడం నేను ఏడాదిగా వినలేదు. మూట కట్టడానికి ఆవిడ వేళ్ళకి బలం చాల్లేదు. ముడి నేనే వేశాను. వేస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడే నా భుజం తట్టి, "మీరు బెంగ పెట్టుకోకండి," అంది.

మూట చంకన పెట్టుకుని మళ్ళీ పక్కగది గుమ్మంలోకి వచ్చింది. మా ఆయన బల్లకి అవతల, గోడవైపు నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఏం చేయాలో తెలియక, చేతిలో ఎండిపోయిన కుంచె పట్టుకుని ఉన్నారు. అత్తయ్య ఆయన్ని చూసి మర్యాదగా తలాడించి, వెళ్ళేముందు ఒకసారి ఇల్లు చూసుకుందామన్నట్టు స్టేషను మీదికి వంగింది. వంటింటి కిటికీ చూసింది. పూలకుండీలు చూసింది. అక్కణ్ణుంచి ఆ చూపు కంచె దగ్గరికొచ్చి ఆగిపోయింది.

ఆవిడ మొహం మొత్తం మారిపోయింది. ఏ జబ్బూ లేని మొహం అది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి మొహం.

"ఒరేయ్," అంది అత్తయ్య. "ఎంతసేపురా ఎండలో? నీ బడి ఏమైంది? రా నాన్నా, మనం వెళ్ళాలి."

"వస్తున్నానమ్మా!" అన్నారు మా ఆయన.

ఆ గొంతు అరవై దాటిన మనిషిది కాదు. కుంచె కింద పడేసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చేస్తున్నారు. అత్తయ్య తలెత్తి ఆయనవైపు చూసింది. కొంచెం ఇబ్బందిగా నవ్వింది.

"మిమ్మల్ని కాదండీ," అంది. "మావాణ్ణి పిలుస్తున్నా."

ఆయన ఎక్కడివారక్కడ ఆగిపోయారు. నేను గుమ్మం పట్టుకున్నాను.

"పొరపాటైందండీ," అన్నారు.

తర్వాత బల్ల మీదికి వంగి, జిగురు ఇంకా సరిగ్గా ఆరని ఆ గోరంత పిల్లవాణ్ణి కంచె దగ్గర్నుంచి మెల్లగా ఊడదీసి, వాళ్ళమ్మ అరచేతిలో పెట్టారు. అత్తయ్య గుప్పిట మూసుకుంది.

"పదరా," అంది.